అనంతపురం నుంచి వైజాగ్‌కు మొదటిసారి పోతాండాం: ఐదు రోజులు ఎట్ల సర్దుకోవాల?

సీమ బాటసారి (అనంతపురం)

అందరికీ నమస్కారం. నవంబరు ఆఖర్లో ఐదు రోజులు వైజాగ్ పోదామనుకుంటాండాం. నేను, మా ఇంటామె, 11 ఏళ్ల పాప, 7 ఏళ్ల బాబు, మా అమ్మ. అమ్మకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే నడుస్తుంది గానీ మెట్లంటే కష్టం. ఇంట్లో ఎవరమూ సముద్రం చూసినోళ్లం కాదు.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇరవై చోట్ల పేర్లు వస్తాండాయి, ఏది ఏ పక్కనుందో అర్థం కావడం లేదు. అరకు ఒక్కరోజులో పోయి రావచ్చని కొందరు, పోలేరని కొందరు. రైలు, బస, అరకు, పిల్లల్ని నీళ్లలోకి దించే సంగతి, తిండి, వీటి మీద తెలిసినోళ్లు వివరంగా చెప్పండి. ఖర్చు మరీ చూసుకోం, అట్లని దుబారా కూడా వద్దు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

అన్నా, ముందు రైలు సంగతి చూడండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడుంటుంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బెంగళూరు నుంచి అనంతపురం, డోన్, నంద్యాల, గుంటూరు, విజయవాడ మీదుగా వైజాగ్ పోతుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున దిగుతారు, మధ్యలో మారే పని లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఐదుగురికి ఒకచోట బెర్తులు కావాలంటే ఆ రోజే చేసుకోవాల.

అమ్మ టికెట్ మాత్రం విడిగా, ఆమె ఒక్కరికే తీయండి. 45 దాటిన ఆడవాళ్లకు, 60 దాటిన మగవాళ్లకు కింది బెర్త్ కోటా ఉంది. అందరినీ కలిపి ఒకే టికెట్ మీద వేస్తే ఆ కోటా వర్తించదు. ఐదుగురి పేర్లూ ఒకేసారి కొట్టి, ఆమెకు పై బెర్త్ వచ్చిందని తర్వాత బాధపడేవాళ్లు చాలామంది. విడిగా తీస్తే వేరే బోగీ పడే అవకాశం ఉంది. అందుకని అమ్మ టికెట్ ముందు తీసి, ఏ బోగీ వచ్చిందో చూసుకుని, మిగతా నలుగురికి అదే బోగీ కావాలని బుకింగ్‌లో పెట్టండి.

ప్రశాంతిలో దొరక్క వేరే రైలు చూసుకుంటే అది ఏ స్టేషన్లో ఆగుతుందో తప్పకుండా చూడండి. విశాఖపట్నం స్టేషన్లోకి వచ్చిన రైలు ఇంజన్ అటు నుంచి ఇటు మార్చుకుని బయటపడాల. ఆ ఆలస్యం లేకుండా కొన్ని దూరపు రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. దువ్వాడ నుంచి ఊళ్లోకి 17 కి.మీ. దాకా ఉంటుంది. రాత్రిపూట సామాను, పిల్లలతో ఆడ దిగితే ఆటోవాళ్లు చెప్పిందే రేటు.

ఇంక ఊరు ఎట్లుంటుందంటే, అనంతపురం మాదిరి టవర్ క్లాక్ నుంచి నాలుగు దిక్కులా పరుచుకున్న ఊరు కాదది. సముద్రం ఒడ్డు వెంబడి పొడుగ్గా సాగి ఉంటుంది. దక్షిణం కొసన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఓడరేవు, పాత ఊరు. వాటికి ఉత్తరంగా ఆర్కే బీచ్. అక్కడ్నించి బీచ్ రోడ్డు పట్టుకుని పైకి పోతే వరసగా కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. సింహాచలం సముద్రానికి దూరంగా కొండల పక్క. అరకు పూర్తిగా వేరే దారి, 115 కి.మీ. పైన.

కాబట్టి రోజుకు ఒక్క దిక్కే పెట్టుకోండి. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం భీమిలి, సాయంత్రం ఆర్కే బీచ్ అని రాసుకుంటే కాగితం మీద బాగుంటుంది. ఆ రోజంతా కారులోనే గడిచిపోతుంది.

బసకు ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్ చుట్టుపక్కల చూడండి. అన్ని వైపులకూ సిటీ బస్సులు దొరుకుతాయి, హోటళ్లు దగ్గర, బీచ్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు. బీచ్ రోడ్డు మీద సముద్రం కనబడే గదికి రేటు బాగా ఎక్కువ, మీరు పగలంతా ఎట్లాగూ గదిలో ఉండరు. బుక్ చేసే ముందు లిఫ్ట్ ఉందా, అది వీధి మట్టం నుంచే ఉందా అని ఫోన్లో అడగండి. కొన్నిచోట్ల పది మెట్లు ఎక్కిన తర్వాతే లిఫ్ట్ ఉంటుంది.

స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు టికెట్ ఉచితం. ఆధార్ అసలుది దగ్గర పెట్టుకోమనండి. రైల్వే స్టేషన్ నుంచి భీమిలికి 900కె బస్సు బీచ్ వైపునే పోతుంది, సముద్రం పక్క కిటికీ దొరికితే పిల్లలకు అదే ఒక షికారు.

గోస్తనీ ఒడ్డు (కడప, ప్రస్తుతం విశాఖ)

పైన చెప్పిన దిక్కుల లెక్క సరిగ్గా ఉంది. నేను సముద్రం గురించే ఎక్కువ రాస్తాను. మొదటిసారి వచ్చేవాళ్లకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే.

ఆర్కే బీచ్‌లో స్నానం వద్దు. కాళ్లు తడుపుకోవడం వరకే. అక్కడ ఇసుక నాలుగడుగులు పోగానే ఒక్కసారిగా లోతుకు దిగుతుంది. అల వచ్చేటప్పటి కన్నా వెనక్కి పోయేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. పాదాల కింద ఇసుకను లాగేసుకుంటూ పోతుంది, మడమలు గుంటలోకి దిగుతాయి, మనిషి వెనక్కి తూలతాడు. సరిగ్గా అప్పుడే రెండో అల వచ్చి కొడుతుంది. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడేవాళ్లు పడేది ఇట్లానే. ఎప్పుడూ ముఖం సముద్రం వైపే ఉండాలి.

మోకాలి లోతు అంటే పిల్లల మోకాలు, మన మోకాలు కాదు. ఏడేళ్ల బాబుకు మీ పిక్కల లోతు నీళ్లే చాలు పడెయ్యడానికి. చెయ్యి పట్టుకునేటప్పుడు వేళ్లు కాకుండా మణికట్టు పట్టుకోండి, తడిచేతి వేళ్లు జారిపోతాయి. చీర కట్టుకుని నీళ్లలోకి దిగితే తడిసిన గుడ్డ బరువుకు లేవడం కష్టం. అమ్మగారికి ఒడ్డున కుర్చీ వేయించడం మేలు.

ఇంకొక సంగతి. అలలు వరసగా విరుగుతూ తెల్ల నురగ కనబడుతుంటుంది. ఆ వరసకు నడుమ ఒకచోట అల విరగకుండా, నీళ్లు నున్నగా, కాస్త మట్టిరంగులో కనబడితే ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది’ అనుకుని పిల్లల్ని అక్కడే దింపుతారు. అదే ప్రమాదమైన చోటు. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ చెరువు తూములోంచి పోయినట్టు ఆ సందులోంచే లోపలికి పోతుంటాయి. బావుల్లో ఈత నేర్చిన గట్టి ఈతగాళ్లు కూడా అందులో చిక్కి, ఒడ్డుకు ఎదురీది, అలసిపోయి మునుగుతారు. చిక్కుకుంటే చెయ్యాల్సింది ఇది: ఎదురీదకుండా తేలుతూ చెయ్యి ఊపాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోవాలి. ఆ సందు మామూలుగా వెడల్పు తక్కువే, దాటి నురగ ఉన్న వైపు వస్తే అలలే ఒడ్డుకు తోస్తాయి. వేరేవాళ్లు చిక్కుకుంటే మీరు దూకొద్దు. ఖాళీ నీళ్ల క్యాను, తాడు, ఏదైనా తేలేది విసరండి, లైఫ్‌గార్డును పిలవండి, 112కు ఫోన్ చెయ్యండి.

పిల్లలకు నీళ్లాట కావాలంటే రుషికొండకు తీసుకురండి. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది. స్నానానికి హద్దు పెట్టిన చోటు, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, ఒళ్లు కడుక్కోవడానికి మంచినీళ్లు ఉంటాయి. పొద్దున తొమ్మిది లోపల వస్తే ఎండ, జనం రెండూ తక్కువ. యారాడ చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ అక్కడ నీళ్లలోకి మాత్రం పంపొద్దు. తెన్నేటి పార్కు కింద రాళ్లు నాచుపట్టి ఉంటాయి, పొడిగా కనబడ్డ రాయి కూడా జారుతుంది.

నవంబరు ఆఖరు తుఫాన్ల కాలంలోనే పడుతుంది. బంగాళాఖాతంలో ఎక్కడ వాయుగుండం ఉన్నా, ఇక్కడ ఎండ కాస్తున్నా, అలలు మామూలు కన్నా ఎత్తుగా వస్తాయి. బయల్దేరే ముందు రోజు, వచ్చాక ప్రతి పొద్దునా వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిమీదనే తీరం దాటింది, అందుకే ఇక్కడివాళ్లు ఆ హెచ్చరికల్ని తేలిగ్గా తీసుకోరు. తిరుగు ప్రయాణం రోజు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచుకుంటే రైలు అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు.

వేడి కూడా మన వేడి కాదు. అనంతపురంలో 40 డిగ్రీల్లో చెమట పట్టగానే ఆరిపోతుంది. ఇక్కడ 31 డిగ్రీలే ఉన్నా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒంట్లో ఉప్పు పోతూ ఉంటుంది, తెలియకుండానే నీరసం వస్తుంది. నవంబరులో కొంత నయమే. అయినా పన్నెండు నుంచి మూడు దాకా అమ్మగారిని గదిలో ఉంచి, ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి.

పొద్దు లెక్క కూడా మారుతుంది. అనంతపురం కన్నా ఇక్కడ సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందు లేస్తాడు, ముందే పోతాడు. నవంబరు ఆఖర్లో ఐదున్నర లోపలే పొద్దు గూకుతుంది. తూర్పు తీరం కదా, సముద్రంలో కనబడేది సూర్యోదయమే. ఆరు లోపల ఆర్కే బీచ్‌లో ఉంటే చూడొచ్చు. సాయంత్రం ఆరింటికి తొట్లకొండ ఎక్కుదామనుకుంటే అక్కడ చీకటి తప్ప ఏమీ కనబడదు.

సీమ బాటసారి (అనంతపురం)

శానా సంతోషం. ఆ నున్నటి నీళ్ల సంగతి మాకు అస్సలు తెలియదు, పాపకు చదివి వినిపించినాను. ఇంకా రెండు అడగాల. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ లోపలికి అమ్మ పోగలదా? అరకుకు రైలు మంచిదా, కారు మంచిదా?

నల్లమల దారి (నంద్యాల)

అమ్మగారిని సబ్‌మెరైన్‌లోకి తీసుకుపోవద్దు. ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే ఇనుప గోడలో గుండ్రటి రంధ్రం, కాలు ఎత్తి లోపలికి పెట్టి, తల వంచి దూరాల. ముందు కొసలో ఎక్కి వెనక కొసలో దిగుతారు, నడుమ వెనక్కి మళ్లడం కుదరదు, వెనకాల వరస నిలబడి ఉంటుంది. మోకాలు వంగని మనిషికి అది నరకం. పిల్లలకు మాత్రం తప్పకుండా చూపించాల. 75 మంది దాకా మనుషులు అందులో ఎట్లా బతికినారో ఆ అరల్లాంటి మంచాలు, వంటగది చూస్తే తెలుస్తుంది. గైడు చెప్పేది వినిపించాలంటే గుంపులో ముందు నిలబడండి.

ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్లు సముద్రం మీద నిఘా తిరిగిన విమానం, 2017లో మ్యూజియం చేసినారు. అక్కడ కింద హాల్లో పెట్టినవన్నీ అమ్మ తిరిగి చూడొచ్చు, విమానం లోపలికి ఎక్కేందుకు మాత్రం మెట్లు. అదే రోడ్డులో విశాఖ మ్యూజియం కూడా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరిమీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది అక్కడ చూడొచ్చు.

అరకు విషయంలో నాది గట్టి మాట: పోయేది రైల్లో, వచ్చేది కార్లో, నడుమ ఒక రాత్రి ఆడే. ఒక్కరోజులో పోయి రావడం కుదురుతుంది, కుర్రవాళ్లు చేస్తారు. ఏడేళ్ల బిడ్డ, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడతో పొద్దున ఐదుకు లేచి రాత్రి తొమ్మిదికి తిరిగొస్తే మర్నాడు ఎవరూ మంచం దిగరు.

కిరండూల్ పాసింజర్ పొద్దున ఏడు లోపలే వైజాగ్‌లో బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుపరాయిని ఓడరేవుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. ఇప్పటికీ రాయి మోసే గూడ్సులదే పెద్దపీట, అందుకే పాసింజర్ ఆగి ఆగి పోతుంది. కొత్తవలస దాటినాక కొండ మొదలు, యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలో పిల్లలు కేకలు పెడతారు, పెట్టనియ్యండి, అందరూ పెడతారు. బొర్రా గుహలు స్టేషన్ తర్వాత వచ్చే శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తులో ఉంది. విస్టాడోమ్ పెట్టెకు పెద్ద అద్దాలు, పైకప్పులో కూడా అద్దం ఉంటుంది. టికెట్లు త్వరగా అయిపోతాయి, వారాంతానికి అసలు దొరకవు. జనరల్ పెట్టెలో అమ్మతో ప్రయత్నించొద్దు. తిరుగు రైలు కిరండూల్ నుంచి రావాల, దాన్ని నమ్ముకుంటే బొర్రా చూడ్డం పోతుంది. కారే మేలు.

అరకులో దిగిన రోజు గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చాలు. రెండూ దాదాపు చదునే. మర్నాడు కార్లో దిగుతూ గాలికొండ దగ్గర ఆగండి, అనంతగిరి కాఫీ తోటల్లో ఆగండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి ఉంటారు. నవంబరు ఆఖరికి కాఫీ కాయ ఎర్రబడి కోతకొస్తుంది, పిల్లలకు ఒక పండు నలిపి లోపలి రెండు గింజలు చూపించండి. చివర బొర్రా. మధ్యాహ్నం భోజనానికి కాసేపు మూస్తారు, రెండు తర్వాత లోపలికి పోయేటట్టు చూసుకోండి.

బొర్రా సున్నపురాయి గుహ. లోపల మెట్లు చాలా ఉన్నాయి, పైనుంచి నీళ్లు కారుతూ తడిగా ఉంటాయి. నున్నటి అడుగున్న చెప్పులు వద్దు. అమ్మగారు ముఖద్వారం దగ్గర నిలబడి చూసినా ఆ ఎత్తు, ఆ వెలుగు తెలుస్తాయి. మొదటి మెట్ల వరస దాకా పోయి ఆగిపోవడం మంచిది, దిగినంతా ఎక్కాల. బయట కోతులు తినుబండారాల సంచి చూస్తే లాక్కుంటాయి, కారులోనే వదిలేయండి. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే బయల్దేరే అరగంట ముందు డాక్టరు చెప్పిన మాత్ర వెయ్యండి, ముందు సీట్లో కూర్చోబెట్టండి. రాత్రికి స్వెటర్లు కావాల, ఆ నెలలో చలి బాగా ఉంటుంది. ఫోన్ సిగ్నల్ దారిలో పోతుంటుంది, డ్రైవరు నంబరు కాగితం మీద కూడా రాసుకోండి.

బొంగులో చికెన్ తింటే మీ కళ్ల ముందు కొత్త బొంగులో కూరి పెట్టించుకోండి. పచ్చి వెదురులో ఉండే తడితోనే ముక్క ఉడుకుతుంది, నూనె వెయ్యరు. ఒకసారి కాలిన బొంగులో మళ్లీ చేస్తే తడి లేక ముక్క పీచు పీచుగా ఉంటుంది. ముప్పావు గంట పడుతుంది, ‘రెడీగా ఉంది’ అన్నచోట తినొద్దు.

గోస్తనీ ఒడ్డు (కడప, ప్రస్తుతం విశాఖ)

అరకులో రాత్రి ఉండమన్నది మంచి సలహా. ఒక చిన్న ముచ్చట కలుపుతాను: బొర్రా గుహలు చేసిన ఏరు గోస్తని. అదే కొండ దిగి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా చూసిన మర్నాడు భీమిలి పెట్టుకుంటే పాపకు మొదలూ చివరా రెండూ చూపించొచ్చు.

భీమిలి రోజు ఇట్లా పెట్టుకోండి. పొద్దున రుషికొండలో నీళ్లాట. తర్వాత తొట్లకొండ, కారు కొండ మీదికి పోతుంది, అమ్మగారు కూడా రావొచ్చు. రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం, 1988 నుంచి 1993 దాకా తవ్వి తీశారు. భిక్షువుల గదుల పునాదులు, స్తూపం కన్నా నాకు అక్కడ నచ్చేది రాతిలో తొలిచిన నీటి తొట్లు. వానచుక్కను కొండమీదే పట్టి ఏడాదంతా వాడుకున్నారు, మన సీమవాళ్లకు చప్పున అర్థమయ్యే పని. మధ్యాహ్నం భీమిలిలో భోజనం, డచ్చివాళ్ల సమాధులు, ఏరు సముద్రంలో కలిసే చోటు. తిరిగి వస్తూ నాలుగు తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, వాలు ఎండలో రంగు బాగా తేలుతుంది. దిబ్బల అంచులెక్కి దూకొద్దు, అది రాయి కాదు, గట్టిపడ్డ ఇసుక. అంచు విరిగి పడుతుంది, పాడైతే మళ్లీ రాదు.

సింహాచలానికి బస్సూ కారూ కొండమీదికే పోతాయి. వెయ్యి మెట్ల దారి మీకు అక్కర్లేదు. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడు మాత్రమే. ఇది తెలియక ‘విగ్రహం ఎక్కడ’ అని అడిగేవాళ్లున్నారు. శని, ఆదివారాలు వదిలి పొద్దున ఏడుకు పోతే గంటలో బయటికి వస్తారు. సంపెంగలు అమ్ముతుంటే కొనండి, కారంతా వాసన. ఆ సాయంత్రం కైలాసగిరి సరిపోతుంది, కారు పైదాకా పోతుంది, చిన్న రైల్లో సముద్రం వైపు కూర్చోండి.

ధర్మవరం చేనేత (అనంతపురం జిల్లా)

తిండి గురించి ఎవరూ సరిగా రాయలేదు కాబట్టి: ఆ పక్క పులుసుల్లో, కొన్నిచోట్ల సాంబారులో కూడా బెల్లం పడుతుంది. మన నోటికి మొదటి పూట తీపిగా తోస్తుంది. ఒక సీసాలో ఎర్రకారం, కొంచెం శనక్కాయల పొడి తీసుకుపోండి, పిల్లలు మారాం చెయ్యరు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర దొరికితే మాత్రం వదలొద్దు. చేప కొత్తయితే వంజరం ముక్క వేపుడుతో మొదలుపెట్టండి, నడుమ ఒకటే పెద్ద ముల్లు, పిల్లలకు తీసివ్వడం సులువు. బీచ్‌లో మురీ మిక్చర్ మన బొరుగుల మిక్చర్‌కు దగ్గరే, నిమ్మకాయ ఎక్కువ.

కొనేటివి రెండు చాలు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, అంకుడు కర్రతో చేసేవి. అరకు కాఫీ, పొట్లం మీద చికోరీ ఎంత శాతమో చదివి కొనండి.

సీమ బాటసారి (అనంతపురం)

అయితే ఇట్ల రాసుకున్నా. దిగిన రోజు సోమవారం: గది, సాయంత్రం ఆర్కే బీచ్, సబ్‌మెరైన్. మంగళవారం సింహాచలం, కైలాసగిరి. బుధవారం రైల్లో అరకు, రాత్రి ఆడే. గురువారం బొర్రా చూసుకుని కిందికి. శుక్రవారం రుషికొండ నుంచి భీమిలి దాకా. శనివారం ఖాళీ, ఆ రోజే రైలు.

నల్లమల దారి (నంద్యాల)

ఒక్కటి మార్చండి. సోమవారం సబ్‌మెరైన్‌కు సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు తర్వాతే తెరుస్తారు. దిగిన రోజు సాయంత్రం కైలాసగిరి పోండి. మంగళవారం పొద్దున సింహాచలం, మధ్యాహ్నం గదిలో నడుం వాల్చి, నాలుగింటికి సబ్‌మెరైన్ వరసలో నిలబడండి. మీరు పిల్లలతో లోపల ఉన్నంతసేపు అమ్మగారు, మీ ఇంటామె ఎదురుగా విమానం హాలు చూసుకుంటారు. బుధవారం రైలుకు స్టేషన్లో ఆరుంబావుకు ఉండాల, ఆటో ముందు రాత్రే మాట్లాడి పెట్టుకోండి.